పైన్ చెట్టుకు భీమిలి తొట్టి

పదకొండవ భాగం

మొదటినుంచి చదువుతున్నవాళ్ళకు తెలిసిందే. కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళతాను.

నా పేరు చిలకమ్మ. గజపతినగరం దగ్గర మా ఊళ్ళో టెన్తు పాసై, విశాఖపట్నంలో మా మేనమామ గురునాథరావు ఇంటికి వచ్చాను. మామయ్య పోర్టులో క్రేను డ్రైవరు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక ఉద్యోగం మానేశాడు. ఇనుప ఖనిజం కోసం వచ్చే జపాను ఓడల్లో ఒక వంటవాడు ఉండేవాడు. అతని దగ్గర మామయ్య చెట్లను చిన్న కుండీల్లో పెంచే విద్య నేర్చుకున్నాడు. కంచరపాలెంలో మా డాబా మీద అలాంటివి ఇరవై రెండు ఉన్నాయి. ఆయన చెబుతాడు, నా చేతులు చేస్తాయి. వాటిలో పైన్ చెట్టు ఒక్కటే కొండమీంచి తవ్వి తెచ్చింది. దాన్ని భీమిలిలో దొరికిన మట్టి తొట్టిలోకి మార్చిన మూడు వారాలకు ఆకులు కొసలనుంచి ఎండిపోవడం మొదలైంది.

శనివారం సాయంత్రం మామయ్య దాన్ని చాలాసేపు చూసి, "నీ సేతుల్లో సెట్టు పోతంది సిలకా. రేపు గవర్రాజొచ్చి అన్నీ అట్టుకెల్లిపోతాడు. ఆడి నర్సరీలోనైనా బతుకుతాయి. నువ్వు ఊరెల్లిపో," అన్నాడు.

ఆ రేపు ఆదివారం.

*

తెల్లవారగానే డాబా మీదికి వెళ్ళాను. రాత్రంతా ఖనిజం రైళ్ళు నడిచాయి కాబట్టి కుండీలమీద, ఆకులమీద సన్నటి ఎర్రదుమ్ము ఉంది. రోజూ పొద్దున్నే చెంబులో నీళ్ళు తెచ్చి, చేత్తో చిలకరించి దాన్ని కడుగుతాను. గవర్రాజు వచ్చి పట్టుకుపోయేవే అయినా కడిగాను. చింత, కలబంద పక్కన ఉండే రావి, కాగితంపూల మొక్క, అన్నీ కడిగి పైన్ దగ్గరికి చివర్న వచ్చాను.

దాని ఎత్తు రెండు జానలు. మొదలు నా మణికట్టంత. అనంతగిరిలో ఒకప్పుడు ఫారెస్టువాళ్ళు నాటి చూసిన పైన్ తోట నుంచి గింజ ఎగిరి, రైలుకట్ట పైనున్న రాతి సందులో పడి మొలిచింది. మట్టి చాలక, గాలికి వంగి, ఏళ్ళు గడిచినా అంతే ఉండిపోయింది. మామయ్య చెయ్యి బాగున్న రోజుల్లో, రెండేళ్ళ కిందట, దాన్ని వేళ్ళ చుట్టూ మట్టి చెదరకుండా గోనెలో కట్టి తెచ్చి, పోర్టులో దొరికిన చెక్కలతో పెట్టె చేసి అందులో పెట్టాడు.

పుష్యమాసంలో దానికి రూపు దిద్దడం మొదలుపెట్టాం. మొదటి ఎనిమిది రోజులు మామయ్య నన్ను కత్తెర ముట్టుకోనివ్వలేదు. పీటమీద కూర్చోబెట్టి, రోజూ పెట్టెను కొంచెం తిప్పి, "దీని మొకం ఎటుందో సెప్పు," అనేవాడు. నేను ఏదో చెప్పేదాన్ని. "అది ఈపు," అనేవాడు. తొమ్మిదో రోజు, రాయి ఒరుసుకుని బెరడు పోయిన వైపు చూపించాను. సిగ్గుపడాల్సిన మచ్చ అది. చెట్టు దాన్ని ముందుకు పెట్టుకుని నిలబడ్డట్టు నాకు అనిపించింది. మామయ్య ఎడమచేత్తో కత్తెర అందించాడు.

పదకొండు కొమ్మల్లో ఆరు తీసేశాం. ఒకదాన్ని మొత్తం తియ్యకుండా బెరడు మాత్రం ఒలిచి, ఎముకలాగా తెల్లగా వదిలేశాం. మొదలుకు తడిపిన తాటినార చుట్టి, దానిమీద రాగి తీగ చుట్టి, రోజుకు వేలెడంత చొప్పున వంచాను. పాత మోటార్ల తీగను పిడకల నిప్పులో కాల్చి మెత్తబరచడం కూడా మామయ్యే నేర్పాడు. "సెట్టు కిర్రుమంటే ఆగు. కిర్రుమనకముందే ఆగితే ఇంకా మంచిది," అనేవాడు. వెనకవైపు కిందికొమ్మ ఒక్కదానికి తీగ చుట్టబోతే ఆపేశాడు. "దాన్ని ఒగ్గీ. దానికి కావలసిన వొంపు గాలే ఇచ్చీసింది."

ఆ తరవాత కుండీ సంగతి. వంటవాడు వెళ్ళిపోతూ ఇచ్చిన నీలం కుండీ ఒకటి అటకమీద ఉంది. నిగనిగలాడుతూ నెమలిమెడలా ఉంటుంది. దాన్ని దించి చెట్టు ముందు పెట్టాను. నాకు బాగుందనిపించింది. మామయ్య అడిగాడు: "ఏటి ముందు కనబడతంది? సెట్టా, కుండీయా?"

"కుండీ."

"మరి తీసీ."

సిమెంటు కుండీలు లావు. పూలకుండీలు లోతు. ఇంత గరుకు బెరడున్న చెట్టుకు మెరుపు లేని మట్టి రంగు కావాలని, కుండీ లోతు మొదలు లావుకు మించకూడదని మామయ్య లెక్క. ఫాల్గుణంలో ఆయన జబ్బు తరవాత మొదటిసారి బస్సెక్కి, భీమిలిలో పాత స్నేహితుణ్ణి చూడడానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దారిలో ఒక పెంకుటింటి పెరట్లో బోర్లించిన మట్టి తొట్టి, దానిమీద ఒక కోడి కనిపించాయి. మామయ్య దారిమధ్యలో ఆగిపోయాడు. పొడుగ్గా, లోతు తక్కువగా, అంచులు అరిగి, కాలిన మట్టి రంగులో ఉంది. జేబులోంచి, చెట్టు మొదలు లావుకు ముడి వేసి ఉంచిన దారం తీసి కొలిచాడు. మొదలు లావూ తొట్టి లోతూ ఒక్కటే. ఆ ఇంటామె చిట్టెమ్మ నవ్వి, చింతపండు, ఇసుక వేసి తోమి ఇచ్చింది. బస్సులో దాన్ని ఆయన ఒక్కచేత్తో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఆయన మొహం జబ్బుకు ముందున్న మొహం. వెల్డింగు షాపులో అడుగున మూడు కన్నాలు వేయించాం. చెట్టు అందులోకి చేరింది.

అందుకే ఆకులు ఎండుతుంటే ఎవరం తొట్టివైపు చూడలేదు. తీగ బిగించి ఊపిరాడకుండా చేశానని గవర్రాజు అన్నాడు. మామయ్య కాదనలేదు. నేను కూడా నమ్మాను.

*

ఆ ఆదివారం సూదుల్లాంటి ఆ ఆకులను ఒక్కొక్క కొమ్మనే పట్టుకుని చూశాను. నాకు బాగా చేతనైన పని చూడడం ఒక్కటే. ప్రతి ఆకూ కొసన గోరంత మేర గోధుమరంగుకు తిరిగింది. పైకొమ్మ అలాగే, మధ్యకొమ్మ అలాగే. వెనకవైపు కిందికొమ్మ కూడా అలాగే.

అక్కడ నా చెయ్యి ఆగింది. ఆ కొమ్మకు తీగ లేదు. దాన్ని నేను వంచలేదు, కొయ్యలేదు, దాని దగ్గరికే పోలేదు. తీగవల్ల చెడితే తీగ ఉన్న కొమ్మలు చెడాలి. ముట్టుకోని కొమ్మ కూడా అంతే మేర ఎండిందంటే జబ్బు నా చేతుల్లోంచి రాలేదు. కిందినుంచి వస్తోంది.

కూర్చుని తొట్టిని చూశాను. బయటివైపు అడుగునుంచి రెండు వేళ్ళ ఎత్తు వరకు తెల్లటి పొర. కుళాయి నీళ్ళ సున్నం అనుకుని రెండుసార్లు గుడ్డతో తుడిచాను కూడా. మళ్ళీ వచ్చింది. మిగతా ఇరవై ఒక్క కుండీలకూ అదే కుళాయి, అదే చెంబు. వాటిలో దేనికీ ఈ తెలుపు లేదు.

చుట్టూ చూసి, ఎవరూ లేరని వంగి, నాలుక కొస తొట్టికి ఆనించాను.

ఉప్పు. పొరపాటేమోనని ఇంకోచోట ఆనించాను.

"ఏటే సిలకమ్మా, తొట్టి నాకతన్నావేటి?" వెనకనుంచి మామయ్య భార్య, రామలక్ష్మమ్మత్త. చంకలో తడిబట్టల బకెట్టు. "కడుపుతో ఉన్నోలు మట్టి తింటారు గానీ, పెల్లికాని గుంటవి నీకేటొచ్చిందే?"

"అత్తా, ఇది ఉప్పగున్నాది."

"ఉప్పగ నేకపోతే తియ్యగుంటాదేటి? సేపలకి ఉప్పేసిన తొట్టి కదా."

నేను లేచి నిలబడ్డాను. "నీకు తెలుసేటి?"

"సూత్తే తెల్దేటి?" అత్త చీర దులిపి దండెంమీద వేసింది. "మా కన్నోరింటి పక్కన ఇలాటియి పది ఉండీవి. సేపలు కోసి, ఉప్పు పట్టించి రెండ్రోజులు అందులో ఊరేసి ఎండేత్తారు. ఆ సిట్టెమ్మ అత్తగోరు ఎండుసేపల ఏపారం సేసీదేమో. ఆ పిల్లకి ఇదేటో తెలిసుండదు, కోడి కూకోడానికి ఒగ్గీసింది."

"మరి మావయ్యకి సెప్పనేదేం?"

"నన్నెవులడిగినారే? మొక్కల మాటలో నోరెట్టకంటాడు. మానీసినాను." రెండో చీర దులుపుతూ ఆగి నావైపు చూసింది. "అయినా ఉప్పు మంచిదే కదేటి? కొబ్బరిసెట్టు మొదట్లో మీ అయ్య ఉప్పెయ్యడా?"

వేస్తాడు. ఏటా తొలకరికి ముందు గంపతో ఉప్పు మోసింది నేనే. కొబ్బరికి ఉప్పు వేస్తూ పెరిగిన మాకు ఉప్పుకీ చెట్టుకీ పగ ఉంటుందన్న ఆలోచనే రాదు. అత్తను ఏమనగలను? మూడు వారాలుగా రోజూ నీళ్ళు పోసి ఆ గోడల్లోని ఉప్పును కరిగించి వేళ్ళకు తాగించింది నేను.

"అత్తా, కొబ్బరికి మంచిది. ఇది కొండసెట్టు. దీనికి విషం."

అత్త చేతిలో చీర అలాగే ఉండిపోయింది. "ఓలమ్మో," అంది. "బేగెల్లి సెప్పు మరి. ఆ గవర్రాజు పదికొచ్చీత్తాడు."

*

మెట్లదాకా వెళ్ళి ఆగాను. జబ్బు తరవాత మామయ్య తనంతట తాను చేసిన పని ఆ తొట్టిని ఎంచడం ఒక్కటే. చెయ్యి పోయినా కన్ను ఉందని ఆయన ధైర్యం. ఆ కన్నే చెట్టును చంపుతోందని నేను ఎలా చెప్పాలి? చెప్పకపోతే చెట్టు పోతుంది, నేను ఊరికి పోతాను. ఇంతకంటే ఆలోచించడానికి టైము లేదు.

రెండు గాజుగ్లాసులు తెచ్చాను. పైన్ చెట్టుకు చెంబెడు నీళ్ళు పోసి, తొట్టి కన్నంలోంచి కారిన నీళ్ళు ఒక గ్లాసులో పట్టాను. చింతచెట్టుకు అలాగే పోసి, ఆ నీళ్ళు ఇంకో గ్లాసులో పట్టాను. రెండూ పలచటి టీ రంగులో ఒకేలా ఉన్నాయి. పట్టుకుని కిందికి దిగాను.

మామయ్య గెడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వీధి అరుగుమీద కూర్చున్నాడు. ఎవరికో పిల్లనిచ్చి పంపేవాడిలా ఉన్నాడు.

"మావయ్యా, ఈ గ్లాసులో నీల్లు ఒక్క సుక్క నోట్లేసుకో."

"ఏటది? కసాయవా?"

"కాదు. ఒక్క సుక్క."

వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. "బురదనీల్లు. ఏటీ ఏసాలు?"

"ఇప్పుడు ఇందులో."

రెండో గ్లాసులో ముంచాడు. నాలుకకు తగలగానే మొహం ముడుచుకుంది. మళ్ళీ ముంచాడు. మళ్ళీ మొదటి గ్లాసు. మళ్ళీ రెండోది. నన్ను చూశాడు.

"మొదటిది సింతసెట్టు కిందన పట్టినాను. రెండోది పైను కిందన."

"సముద్రం గాలి," అన్నాడు వెంటనే.

"గాలి ఇరవై రెండిటికీ ఒక్కటే మావయ్యా."

"ఆ మట్టిలో ఉన్నాదేమో."

"మట్టి కొండది. నువ్వు తెచ్చిందే. పెట్టెలో రెండేళ్ళు పచ్చగుంది."

"నువ్వు తీగ..."

"ఎనక కిందికొమ్మకి తీగ నేదు. నువ్వే ఒగ్గీమన్నావు. అదీ ఎండిపోతంది. వొచ్చి సూడు."

నేను ఆయన మాటకు అడ్డం వెళ్ళడం అదే మొదటిసారి. మామయ్య గ్లాసులు అరుగుమీద పెట్టాడు. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఏదైనా బరువైన మాట చెప్పేముందు అలా చేస్తాడు.

"తొట్టి," అన్నాడు.

నేను తల ఊపాను.

"నాను ఎంచిన తొట్టి." గ్లాసులవైపు చూశాడు. "తీగ కట్టింది నువ్వు. సంపుతన్నది నాను. నిన్ను ఎల్లిపొమ్మన్నాను."

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చేది. కానీ గుమ్మంలోంచి అత్త అందుకుంది: "ఎండుసేపల తొట్టిలో సెట్టునెట్టినోన్ని నిన్నే సూసినాను. వొంకాయ కూడా ఎట్టీవలసింది, పులుసైపోను!"

మామయ్య తలెత్తి అత్తను చూశాడు. "ఎండుసేపలా?"

"కాకపోతే పూజ సేసుకున్న తొట్టనుకున్నావేటి?"

ఆయన పెదవి ఒకవైపే కదులుతుంది. ఆ ఒకవైపు కొద్దిగా వణికి, పైకి లేచి, లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. దగ్గనుకుని అత్త మంచినీళ్ళకు పరిగెత్తింది. ఆయన నవ్వుతున్నాడు. భుజాలు ఊగేలా, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. "ఒల్లో ఎట్టుకుని తెచ్చినానే," అంటాడు, మళ్ళీ నవ్వుతాడు. ఏడాదిగా ఆ ఇంట్లో వినని శబ్దం అది. అత్త నీళ్ళచెంబుతో వచ్చి, చూసి, ఆ చెంబు నా చేతిలో పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

*

గవర్రాజు సరిగ్గా అప్పుడే వచ్చాడు, వెనక ఒక ట్రాలీ రిక్షాతో. కూర్మన్నపాలెం జంక్షన్లో అతని నర్సరీ. మామయ్యా అతనూ బావా బావా అనుకుంటారు.

"ఏటి బావా, సెట్లిచ్చీడానికి ఇంత సంబరమేటి?"

"సెట్లు ఇవ్వను బావా," అన్నాడు మామయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఒట్టినే పిలిసినాను అనుకో. డాబా ఎక్కు. ఒక సెయ్యి కావాల."

సంగతంతా మెట్లెక్కుతూ అత్తే చెప్పింది. గవర్రాజు పైన తొట్టి దగ్గర కూర్చుని తనూ వేలు రాసి నాలుకకు పెట్టుకున్నాడు. "ఔను బావా. నాలుగు ఉల్లిపాయలుంటే అన్నంలో కలిపీవొచ్చు." తరవాత నావైపు తిరిగాడు. "తీగ బిగించీసినావని అన్నాను గదేటి పిల్లా. ఆ మాట ఎనక్కి తీసీసుకుంతన్నాను. నా నర్సరీలో నలుగురున్నారు. ముట్టని కొమ్మని సూసినోడు ఒక్కడూ నేడు."

చెట్టును నేను మొదలు దగ్గర పట్టుకున్నాను, గవర్రాజు తొట్టిని పట్టుకుని మెల్లగా కిందికి లాగాడు. మామయ్య పీటమీద కూర్చుని చూస్తున్నాడు. మట్టిముద్ద మొత్తంగా ఊడి వచ్చింది. తొట్టి గోడకు తగిలిన చోట సన్నవేళ్ళు నల్లగా, తాకితే జారిపోయేలా ఉన్నాయి. గవర్రాజు నోరు నొక్కుకున్నాడు.

నేను వెదురుపుల్లతో పైపై మట్టిని వేలెడు మందాన రాల్చాను. దాని వెనక చెదరని కొండమట్టి ముద్ద. ఇంకొంచెం రాల్చాను. అక్కడ వేళ్ళకొసలు, బియ్యపుగింజల్లా తెల్లగా, తడిగా.

"తెల్లగున్నాయి మావయ్యా."

"మళ్ళీ సెప్పు."

"తెల్లగున్నాయి. లోపలికి ఎల్లనేదు ఉప్పు. నువ్వు ముద్ద సెదరకుండా తెచ్చినావు కదా, ఆ ముద్దే కాసింది."

మామయ్య కళ్ళు మూసుకుని తెరిచాడు. అంతే. ఎండ అప్పుడే వేడెక్కుతోంది, అత్త ఆరేసిన చీరల నీడ చెట్టుమీద పడేలా దండెం జరిపింది.

ఎదురింటివాళ్ళ నూతినీళ్ళు తియ్యగా ఉంటాయి. గవర్రాజు, నేనూ బిందెలతో మోశాం. మట్టిముద్దను గోనెమీద పెట్టి, పైనుంచి సన్నధారగా పొయ్యడం, కిందినుంచి కారినవి నాలుకకు రాసి చూడడం. నాలుగో బిందెకు ఉప్పు బాగా తెలిసింది. ఏడో బిందెకు నాకు తెలిసింది, గవర్రాజుకు తెలియలేదు. తొమ్మిదో బిందెకు మామయ్య రుచి చూసి, ఇంకోసారి చూసి, "బురదనీల్లు," అన్నాడు ఎంతో ఇష్టంగా.

ఖాళీ తొట్టి పిట్టగోడ దగ్గర పడి ఉంది. మామయ్య దానివైపు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నాడు. నేను దాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"మావయ్యా, కొలత ఇదే. లోతు ఇదే. రంగూ ఇదే. నీ కన్ను తప్పు సెప్పనేదు. పెందుర్తి కుమ్మరోళ్ళకి దీన్ని సూపించి, ఇలాటిదే కొత్త మట్టితో కాల్పిద్దాం. అందాకా సెట్టు పాత పెట్టెలోనే ఉంటాది. ఈ ఏటి వానలు ఎల్లిపోనీ."

ఆయన తొట్టి అంచుమీద వేలు పోనిచ్చాడు. "ఈసారి నాకి సూసి తెచ్చుకుందాం," అన్నాడు. గవర్రాజు పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక మామయ్య అదే గొంతుతో, పెద్ద విషయం కానట్టు, "ఊరెల్లక్కర్నేదు నువ్వు. ఈ పైను నీది. మిగతాయి నానున్నన్నాల్లు నాయి, తరవాత అయ్యీ నీయే," అన్నాడు.

గవర్రాజు రిక్షావాణ్ణి ఖాళీగా పంపించేశాడు.

*

చెట్టును పెట్టెలోకి దించాక ఒక్క పని మిగిలింది. ఎండ నీటిని పైకి లాగడంతో మొదలు చుట్టూ మట్టిమీద ఉప్పు పెచ్చుకట్టింది. కడిగినా ఆ పెచ్చు మొదలు దగ్గర కొంత అంటుకునే ఉంది. దాన్ని గీకి తియ్యాలి. ఇంతకుముందు ఎప్పుడూ అక్కడ మట్టి కదపలేదు. కొండమీద ఉన్న మట్టి ఎలా ఉందో అలాగే ఉంచాలని మామయ్య పట్టు.

వెదురుపుల్లతో మెల్లగా గీకాను. మొదలు అక్కడితో ఆగలేదు. మట్టి తీసేకొద్దీ ఇంకా కిందికి వెళ్ళింది. కొండచరియ మట్టి జారి దాని అసలు మొదలును రెండు వేళ్ళ మేర కప్పేసినట్టుంది. ఇంత లావుగా ఉన్న మొదలును చూసి సంతోషపడి, మామయ్యను పిలవబోతూ ఆగాను.

బెరడులో ఒక గాడి ఉంది. గాడి మొదలు చుట్టూ మెలిపడి పైకి ఎక్కుతోంది, మరమేకు చుట్టులాగా. గాడిలో ఒకచోట ఆకుపచ్చగా ఏదో మెరిసింది. గోరుతో గీకాను.

రాగి తీగ.

"మావయ్యా, ఇక్కడ నాను తీగ కట్టనేదు."

ఆయన పీటమీంచి లేచి, గవర్రాజు భుజం పట్టుకుని వచ్చి వంగాడు. ఎడమచేతి వేలితో ఆ గాడిని కిందినుంచి పైకి తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ఎడంపక్కకి సుట్టినాడు," అన్నాడు.

మేము కుడిపక్కకి చుడతాం. మామయ్యకు వంటవాడు అలాగే నేర్పాడు, నాకు మామయ్య అలాగే నేర్పాడు.

"ఎవులు బావా?" అన్నాడు గవర్రాజు.

"ఆ వంటోడి దగ్గర నేర్సుకున్నోలం ఇద్దరం. నానూ, ఇంకొకడూ. ఆడిది ఎడంసెయ్యి వాటం." మామయ్య అత్తవైపు చూడకుండా చెప్పాడు. "త్రినాథు."

త్రినాథరావు అత్త ఒక్కగానొక్క తమ్ముడు. ఈ ఇంట్లోనే ఉండి పోర్టుకు వెళ్ళేవాడు. ఏడేళ్ళ కిందట మామయ్యతో మాటామాటా వచ్చి, కట్టుబట్టలతో వెళ్ళిపోయాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. ఉన్నాడో లేడో తెలియక అత్త అతని పేరు ఎత్తడమే మానేసింది.

"ఏడేళ్ళ కిందట కట్టిన తీగైతే బెరడు ఈపాటికి పూర్తిగా మింగీను," అన్నాడు మామయ్య. "ఇది నాలుగేళ్ళు. మించితే ఐదు. అంటే ఇల్లొగ్గి ఎల్లినాక ఆడు ఆ కొండమీదే ఉన్నాడు. ఈ సెట్టు సుట్టూ రాల్లు గుండ్రంగా పేర్సి ఉండీవి సిలకా. వానకి దొర్లినాయనుకున్నాను. అది ఆడు కట్టిన గట్టు. ఇది అడివి సెట్టు కాదు. రోజూ ఎవులో నీల్లు పోత్తన్న సెట్టుని నాను తవ్వి తెచ్చీసినాను."

నా చేతులు ఇంకా పెట్టె అంచుమీదే ఉన్నాయి. నాదైన చెట్టు ఒక గంటకూడా నాది కాలేదు.

అత్త దండెం దగ్గరనుంచి వచ్చింది. ఎవరినీ తప్పుకోమనలేదు, మేమే తప్పుకున్నాం. కూర్చుని, ఆ పచ్చటి తీగమీద ఒక వేలు ఆనించి, గవర్రాజును అడిగింది:

"అన్నియ్యా, అనంతగిరి ఎల్లీ రైలు రేపు పొద్దున్న ఎన్నింటికి?"